గంగకు అవతలి కోతి

పందొమ్మిది వందల అరవై నాలుగో సంవత్సరం, కార్తీకం సగం గడిచింది. పొద్దున ఆరున్నరకు కరీంనగర్‌లో మెట్‌పల్లి బస్సు ఎక్కాను. చేతిసంచిలో రెండు ధోవతులు, ఒక తువ్వాలు, రెండు సబ్బు బిళ్లలు, డైరీ. పక్క సీట్లో గంగారాం, కాళ్ల మధ్య నూలు మూట పెట్టుకుని కూర్చున్నాడు.

గంగారాం నా తమ్ముడు రాజేశం ఉండే ఊరివాడు. ఆ ఊరు గోదావరికి ఉత్తరాన, ఆదిలాబాద్ జిల్లాలో, ఖానాపూర్‌కు దగ్గరగా ఉంటుంది. మా ప్రాంతంలో గోదావరిని గంగ అనే అంటారు. మేము మెట్‌పల్లి నేతగాళ్లం. నేను చదువుకుని బడిపంతులునై కరీంనగర్ చేరాను. పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. తమ్ముడు పెళ్లయ్యాక గంగ దాటి, అత్తగారి ఊళ్లోనే మగ్గం వేసుకున్నాడు. వాళ్లకు పిల్లలు లేరు.

నూలు కోసం కరీంనగర్ వచ్చిన గంగారాం ముందు రోజు సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని కబురు చెప్పాడు.

"సారూ, మీ తమ్మునికి పానం మంచిగలేదు. కోతి కరిచింది. పిచ్చి లేసిందని మగ్గం గుడిసెల ఏసి కట్టేసిన్రు. లచ్చవ్వను లోపటికి పోనిస్తలేరు."

"ఎవరు పోనిస్తలేరు?"

"ఊరంత. పటేలు చెప్పిండు. ఆమె లోపటికి పోతే ఇగ బాయికాడికి రావద్దట, ఎవ్వలింటికి రావద్దట."

లచ్చవ్వ తమ్ముడి భార్య. పుట్టింది, పెరిగింది ఆ ఊళ్లోనే. ఆ ఊరే ఆమెను మొగుని దగ్గరికి పోనివ్వడం లేదు.

గంగారాంను వెంటబెట్టుకుని నాకు తెలిసిన ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. అతను నా పాత విద్యార్థి. టీకామందు తయారుచేసే ఒకచోట కొంతకాలం పనిచేసి వచ్చాడు. అక్కడ ప్రయోగాలకు కోతులను ఉంచేవారు. అతను గంగారాంను ఓపికగా అడిగాడు.

"కరిచిన కాడ పొక్కులు లేసినయా?"

"లేసినయి. సన్నసన్నయి, నీటి పొక్కులు. అటెనుక చెయ్యి తిమ్మిరెక్కింది. అటెనుక జరం. ఇప్పుడు కాళ్లు పడిపోయినయి."

"నీళ్లు తాగుతుండా?"

"ముంతను కట్టెతోని లోపటికి నూకుతున్రు సారు. తాగుతుండో లేదో ఎవడు సూసిండు?"

"ఎట్లాంటి కోతి? తోక పొడుగుదా, పొట్టిదా?"

"కోతంటే కోతే గద సారు."

డాక్టరు కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "సార్, మీరు మాకు తొమ్మిదో తరగతిల చెప్పిన పాఠమే ఇది. కోతి మనకు తాత కాదురా, పాలోడు, దాయాది అని చెప్పిన్రు. ఇద్దరికి ఎన్కటి తాత ఒక్కడే, తర్వాత వేరుపడ్డరని. క్లాసంత నవ్వినం."

నాకు గుర్తుంది.

"జ్వరమొచ్చి తగ్గినంక మనకు పెదవి మీద పొక్కు లేస్తది చూడుండ్రి. అది ఒక వైరస్. చిన్నప్పుడే ఒంట్ల చేరి నరంల పడుకుంటది, అప్పుడప్పుడు లేస్తది, మల్ల పంటది. కోతులకు గూడ అసొంటిదే ఒకటి ఉన్నది. వాటికీ అంతే, నోట్ల రెండు పొక్కులు, మానిపోతయి. రెండింటికి చాన దగ్గరి పోలిక. ఎంత దగ్గరంటే, మన వైరస్ మీద మన ఒంట్ల తయారైన కాపుదల కోతి వైరస్‌ను గూడ కొంత గుర్తుపడతది. గుర్తుపడతది గని ఆపలేదు. ఎన్కటి తాత ఇంట్ల ఉన్నది ఒక్కటేనని, ఇండ్లు వేరుపడ్డప్పుడు అదీ రెండు దిక్కుల పోయిందని కొందరు అనుకుంటున్నరు. రుజువు కాలే. కానీ ఎవరి ఇంట్ల వాళ్లది ఒదిగి ఉంటది సార్. ఇల్లు కాలితే అదీ కాలుతది గద. పాలోళ్ల ఇంట్ల పడ్డదంటే ఆ లెక్క దానికి తెల్వదు. కాల్చేస్తది."

"మందు?"

"లేదు సార్."

అతనే మళ్లీ అన్నాడు. "నేను చూడకుంట చెప్తున్న. కుక్కల పిచ్చే కావచ్చు. దాంట్ల గూడ కాళ్లు పడిపోవచ్చు. పొక్కులు లేసినయంటున్నడు గాబట్టి నాకు దీని మీద అనుమానం. రెండిట్ల ఏదైనా పక్కన కూసుంటే అంటదు. ఉమ్మి, పొక్కుల తడి మన పుండు మీద, కంట్ల, నోట్ల పడొద్దు. సబ్బుతోని చేతులు కడుక్కోవాలె. గంతే. ఆమెను దూరం పెట్టే అవసరం లేదు."

అందువల్ల నేను తమ్ముడిని బతికించుకోవడానికి బయలుదేరలేదు. ఈ ఒక్క మాట గంగ దాటించడానికి బయలుదేరాను. వాడు ఉండగానే అది చేరాలి.

తొమ్మిదికి జగిత్యాల చేరాం. బస్సు అక్కడ అరగంట ఆగుతుంది. స్టాండు బయట హోటల్లో టీ బాగుంటుంది, ఇడ్లీ చల్లారి ఉంటుంది. ఎక్కేవాళ్లు ఎక్కువ కాబట్టి దిగేటప్పుడు సీట్లో తువ్వాలు వేసిపోవడం మంచిది. మేము తిరిగి వచ్చేసరికి మా ఎదుటి సీట్లో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె పెదవి మూల పొక్కులు, వాటి మీద సున్నం.

గంగారాం ఊరుకోలేదు. "ఏందవ్వా, మూతికి సున్నం రాసుకున్నవు? తమలపాకు మరిచినవా?"

"నీ మూతికి రాస్తగని దగ్గరికి రారా. మొన్న జరమొచ్చింది, తెల్లారి గివి లేసినయి. చిన్నప్పటి సంది గిట్లనే. నాలుగు దినాల్ల అవే పోతయి."

"ఫికర్ లేదా?"

"గీటికేం ఫికర్? నాతోని పుట్టినయి, నాతోనే పోతయి."

బస్సులో నలుగురూ నవ్వారు. నేను ఆమె పెదవి వైపు చూసి, తర్వాత కిటికీ బయటకు చూశాను. ఆమె చెప్పింది డాక్టరు చెప్పిన దానికంటే వేరు కాదు.

దారిలో గంగారాం అసలు జరిగినది చెప్పాడు. కోతులను పట్టే కాంట్రాక్టరు మనుషులు ఆ ఊరి అంచున వలలు వేశారు. "రైలెక్కించి పై దేశాలకు పంపుతరట సారు. పిల్లల కాళ్లు పడిపోకుంట మందు చేస్తరట." పట్టినవాటిని బుట్టల్లో వేసుకుని వాళ్లు పోయారు. వలలో నడుము విరిగినదాన్ని ఒకదాన్ని వదిలేశారు. అది దేకుతూ నేతగాళ్ల వాడకు వచ్చి రాజేశం మగ్గం గుడిసె చూరు కింద పడింది. నీళ్లు పట్టబోతే అరచెయ్యి కొరికింది. తెల్లారి శనివారం అది చచ్చిపోయింది. హనుమంతుని వారం గనుక ఊరంతా పూనుకుంది. దాన్ని కడిగి, పసుపు రాసి, కొత్త గుడ్డ కప్పి, పాడె కట్టి, డప్పులతో ఊరేగించి పాతిపెట్టారు. తన గుమ్మంలో చచ్చింది కాబట్టి కర్మ తానే చేస్తానన్నాడు రాజేశం. గుండు చేయించుకున్నాడు, మైల పట్టాడు. పదకొండో రోజు ఊరందరికీ అన్నం పెట్టారు.

"అన్నాలు తిని చేతులు కడుక్కున్నమో లేదో, మీ తమ్ముడు చెయ్యి గోక్కునుడు మొదలువెట్టిండు," అన్నాడు గంగారాం. "హనుమంతునికి గంత చేసినోనికి గిట్లెందుకైతది సారు?"



మెట్‌పల్లిలో దిగేసరికి పదకొండు దాటింది. మా పుట్టిన ఊరే అయినా ఎవరి ఇంటికీ పోలేదు. బస్టాండు పక్క పూటకూళ్లింట్లో జొన్నరొట్టె, పప్పు తిన్నాం. ఎదుటి రేకుల మీద కోతుల గుంపు. తోకలు ఒంటికంటే పొడుగు. నెత్తి మీద వెంట్రుకలు నడిమికి పాపిడి తీసి దువ్వినట్టు రెండు వైపులా పడి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కోతులే. ఆ రోజు మాత్రం రొట్టె పక్కన పెట్టి చూశాను.

అక్కడి నుంచి గంగ ఒడ్డుకు బస్సు లేదు. ఎడ్లబండి మాట్లాడుకున్నాం. వరికోతల రోజులు కావడంతో బండి దొరకడం కష్టమైంది. ఈ దారిన వచ్చేవారు మెట్‌పల్లిలోనే బండి కుదుర్చుకోవాలి, దారిలో ఊళ్ల మీద ఆశ పెట్టుకోకూడదు. రేవు చేరేసరికి రెండున్నర. నీళ్లు నిండుగా కాదు గానీ, నడిచి దాటేటట్టు లేవు.

పడవ నడిపే మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవలింటికి సారు?"

చెప్పాను. గెడ వేయడం ఆపాడు.

"కోతి కరిచినాయన అన్ననా మీరు? గంగకు ఈ ఒడ్డున ఆ ఒడ్డున అదే ముచ్చట. పెండ్లాన్ని గూడ కాడికి పోనిస్తలేరట గద. పిచ్చోడని చెప్పి గట్ల గొడ్డును కట్టేసినట్టు కట్టేస్తరా?" గొంతు తగ్గించి అన్నాడు. "గని సారు, మీరు వచ్చేటప్పుడు ఆయన్ను ముట్టుకుంటే, పడవ ఎక్కే ముందు గంగల మునిగి ఎక్కుండ్రి. నాకూ పిల్లలున్నరు."

మునుగుతానన్నాను.

అవతలి ఒడ్డు రాళ్ల మీద కూడా కోతులు. ముఖం ఎర్రన, పిరుదులు ఎర్రన, తోక మూరెడు కూడా లేదు. నెత్తిన పాపిడి లేదు. గంగ ఇవతల ఒక జాతి, అవతల ఒక జాతి. బడిలో ఇది నేను పిల్లలకు చెప్పిన సంగతే. ఎన్నోసార్లు తమ్ముడింటికి వచ్చాను. ఒక్కసారీ నిలబడి చూడలేదు. డాక్టరు తోక సంగతి అడిగినది ఇందుకే. ఆ వైరస్‌ను తాను చూసింది ఈ పొట్టితోక వాటిలోనట. పొడుగుతోక వాటి సంగతి తనకు అంత తెలియదన్నాడు. ఒక కోతి చెయ్యి చాచి నా సంచి వైపు వచ్చింది. గంగారాం రాయి తీశాడు గాని విసరలేదు.

"దీన్ని కొడితె పాపం. దండం పెడితే గిట్ల. ఏం చెయ్యాలె సారు?"

రేవు నుంచి ఊరికి నడిచి పోవాలి. పొద్దు గూట్లో పడకముందే చేరాం. నేతగాళ్ల వాడలో మగ్గాల చప్పుడు లేదు. గుడిసె ముందు తడిక అడ్డం పెట్టి ఉంది. తడిక బయట నేల మీద లచ్చవ్వ కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"వచ్చిన్రా బావా."

"ఎట్లున్నడు?"

"నిన్నటిదాంక పిలిస్తే పలికిండు. పొద్దుగాల్ల సంది మూల్గుడే. ఈడికెల్లి ఎంత ఒర్లినా ఏమినవడతది బావా? ఒక్కపారి నొసలు మీద చెయ్యి ఏసి వస్తనంటే ఒప్పుకుంటలేరు."

నేను తడిక జరపబోతుండగా పటేలు వచ్చాడు, వెనక ఆరేడుగురు. పెద్దమనిషి, నా ఈడువాడే. వరసకు లచ్చవ్వకు చిన్నాయన అవుతాడు.

"సారూ, ఆగుండ్రి. మీరు సదువుకున్నోళ్లు, మాకు తెల్వదని కాదు. పోయినేడు పక్కూర్ల పిచ్చికుక్క కరిచినోడు సచ్చిపోయిన తీరు ఈ కండ్లతోని సూసిన. ఈయన సంగతి చెప్పి అడిగితే దవాఖానల గూడ పిచ్చే కావచ్చన్నరు."

డాక్టరు చెప్పినదంతా చెప్పాను. కోతి సంగతి, పొక్కుల సంగతి, పాలోళ్ల సంగతి. విన్నారు. ఎవరి ముఖంలోనూ మార్పు లేదు. ఇక చెప్పడం మాని లోపలికి వెళ్లాను.

మగ్గం గుంట పక్కన చాప మీద తమ్ముడిని పడుకోబెట్టారు. కుడి మణికట్టుకు తాడు కట్టి మగ్గం గుంజకు చుట్టారు. కాళ్లు రెండూ కలిపి కట్టారు. కదలని కాళ్లు. ముంత అందనంత దూరంలో ఒరిగి ఉంది, నేల తడిసి ఉంది. ముందు తాళ్లు విప్పాను. వాడు కళ్లు తెరిచాడు. గుర్తుపట్టడానికి సమయం పట్టింది.

"అన్నా." మాట ముద్దగా వచ్చింది. "గంగల నీళ్లున్నయా?"

"ఉన్నయి. పడవ మీద వచ్చిన."

"జర నాకూ పొయ్యి."

తల ఎత్తి పట్టి, చెంబుతో కొద్దికొద్దిగా పోశాను. మింగడం కష్టమైంది. నోటి మూల నుంచి కారినదాన్ని తువ్వాలుతో తుడిచాను. అయినా తాగాడు. మళ్లీ కావాలన్నట్టు చూశాడు, మళ్లీ పోశాను. అరచేతి పొక్కులు ఎండి నల్లబడ్డాయి.

బయటికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

"తాగిండా?" అన్నాడు పటేలు.

"తాగిండు."

"అయితే పిచ్చి కానట్టేనా?"

"కాదని గట్టిగ చెప్పలేను. ఏదైనా సరే, పక్కన కూసుంటే అంటదు. అది గట్టిగ చెప్తున్న."

"గది మీ మాట. మీరు రేపో మాపో గంగ దాటి పోతరు సారు. ఆమెతోని నీళ్లు తోడేది మేము. ఏదో తెల్వనిదానికి ఊరినెట్ల అప్పజెప్పుమంటరు?"

అతని మాటలో తప్పు లేదు. నేను అడిగాను. "పటేలా, ఆ కోతి పాడె ఎవరు మోసిన్రు?"

గంగారామే చెప్పాడు. "ముందట పటేలు మోసిండు. ఎనుక నేను. మల్ల అందరం తలా ఇంత దూరం మోసినం."

"స్నానం ఎవరు చేయించిన్రు?"

"రాజేశం రుద్దిండు. మేమంత నీళ్లు వోసినం. పసుపు రాసినం."

"జబ్బు వచ్చింది ఆ కోతి నుంచే. ముట్టుకుంటేనే అంటేదైతే, ఈపాటికి మీకందరికీ అంటాలె గద?"

నేను అనుకున్నది వేరు, జరిగింది వేరు. ధైర్యం వస్తుందనుకున్నాను. అందరూ తమ అరచేతులు చూసుకున్నారు. ఒకతను చెయ్యి ధోవతికి తుడుచుకున్నాడు. ఇంకొకతను చప్పుడు చేయకుండా ఇంటిదారి పట్టాడు. గాయం లేని చేతికి ఏమీ కాదని, దినాలు గడిచాయి గనుక పరేషాన్ కావద్దని రెండుమూడుసార్లు చెప్పాను. ఎంతమంది నమ్మారో తెలియదు. పటేలు మాత్రం తన చేతులు రెండువైపులా తిప్పి చూసుకుని, తడికను తనే పక్కకు లాగాడు.

"పో బిడ్డా," అన్నాడు.

లచ్చవ్వ గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది.

"కోతికి నీళ్లు పోసేటందుకు దానికి నువ్వు అవ్వవా? బాపువా? ఊరంతల ఎవ్వనికి లేని పీరితి నీకే వచ్చిందా? చెయ్యి కొరికినంక గూడ దానికి గుండు గీయించుకుంటివి. నాకు సెప్తివా? అడిగితివా?"

తమ్ముడి మూతి ఒక వైపుకే కదిలింది. అది నవ్వే. "లచ్చీ," అన్నాడు. "అదీ నీళ్లే అడిగింది."

ఆమె వాడి తల ఒళ్లో పెట్టుకుంది. నొసలు మీద చెయ్యి వేసింది. పొక్కులున్న చేతికి తడిగుడ్డ చుట్టమని చెప్పి, సబ్బు గడప మీద పెట్టి నేను అరుగు మీదికి వచ్చేశాను.

తెల్లవారాక, చుట్టుపక్కల పొయ్యిలు వెలిగించే వేళ వాడి ఊపిరి ఆగింది. ఆమె చెయ్యి అప్పటికీ అక్కడే ఉంది.

కోతికి డప్పులు కొట్టిన వాళ్లు రాలేదు. పాడె మోయడానికి నేను, గంగారాం నిలబడ్డాం. గంగారాం పోయి తన బావమరిదిని లాక్కొచ్చాడు. నాలుగో మనిషి కోసం చాలాసేపు చూశాం. పొద్దెక్కింది. పటేలు భుజం మీద తువ్వాలు వేసుకుని వచ్చాడు.

"కోతిని మోసిన భుజమే గద సారు. ఇగ దీనికేం భయం," అని ముందు వైపు పట్టాడు. దారి పొడుగునా తలుపులు వేసి ఉన్నాయి.

కర్మ నేనే చేశాను. పదకొండో రోజు అన్నానికి కొంతమంది వచ్చారు, తినకుండా పోయారు. నాతో కరీంనగర్ రమ్మని లచ్చవ్వను అడిగాను. "మగ్గం మీద చీర సగంల ఉన్నది బావా. ఆయన ఏసిన పడుగు. నేను నేసి దింపుత," అంది. బావి దగ్గర ఆమెను ఎవరూ అడ్డుకోలేదు. అయితే ఆమె వచ్చే వేళకు అక్కడ వేరే ఆడవాళ్లు ఉండడం లేదు. అది నేను చూసే బయలుదేరాను.

తిరుగు ప్రయాణంలో గంగారాం రేవు దాకా వచ్చాడు. మాట ఇచ్చాను గనుక గంగలో మునిగి, తడి బట్టలతోనే పడవ ఎక్కాను. నడిమి గంగకు వచ్చాక పడవవాడు అడిగాడు.

"ఆమె లోపటికి పోయిందా సారు?"

"పోయింది."

"ఆయనకు ఎరుకైందా?"

"అయింది."

అతను తల ఊపి గెడ వేశాడు. ఒడ్డున దిగాక కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. చెయ్యి కూడా చాపలేదు. అది దయో భయమో నేను తేల్చుకోలేకపోయాను.

మెట్‌పల్లి రేకుల మీద పొడుగుతోక కోతులు అట్లాగే ఉన్నాయి. కరీంనగర్ చేరాక డాక్టరుకు చెప్పాను, అది పొట్టితోకదని. పరీక్ష చేసే వీలు లేదు కాబట్టి అది ఆ జబ్బేనని ఎవరూ రాయలేరన్నాడు. నేనూ రాయడం లేదు. ఒక ఇంట్లో ఒదిగి ఉన్నది పాలివాళ్ల ఇంట్లో చంపుతుందన్న మాట ఒక్కటే నాకు మిగిలింది. ఆ పాలివాడు గుమ్మంలోకి వచ్చి నీళ్లడిగితే ఏం చేయాలో ఏ పాఠంలోనూ నేను చెప్పలేదు.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. రేవులో కోతులు చెయ్యి చాపుతాయి. పుట్నాలు వేయదలిస్తే చేతికి ఇవ్వకుండా రాయి మీద పోసి వెనక్కి జరగండి. గంగకు రెండు ఒడ్డుల మీదా ఇదే పద్ధతి. జబ్బుపడ్డ మనిషికి మాత్రం నీళ్లు చేత్తోనే పట్టండి. తర్వాత సబ్బుతో కడుక్కోండి.